లోపల వదిలిన గుడ్డ

అమ్మకి,

నీ కూతురు నమస్కారాలతో రాసే సంగతులు. నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వూ, నాన్నా, నీ కుట్టుమిషనూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మన ఇంట్లో అద్దెకుంటున్న ఆ పరాయిదేశపు చుక్కల పిల్ల క్షేమం మాత్రం నేను అడగక్కర్లేదు. నీ ఉత్తరంలో మూడొంతులు దాని గురించే ఉంది, కాబట్టి అది దివ్యంగా ఉందని అర్థమైంది. ఎండకి దాని ముక్కు మీద చుక్కలు ఇంకా ఎక్కువయ్యాయని కూడా రాశావు. ఇన్నేళ్ళలో నా ముక్కు వంక నువ్వు అంత శ్రద్ధగా చూసిన గుర్తు నాకు లేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నాన్న నవ్వుతారని తెలుసు. ఫోన్ చేస్తే నువ్వు మిషను ఆపవు. స్పీకరు పెట్టి బల్ల మీద పడేస్తావు. జాకెట్టు కోసం వచ్చినావిడ, గుండీలు కొనడానికి వచ్చినావిడ, ఆ పిల్ల, అందరూ మన మాటలు వింటూ మధ్యలో సలహాలిస్తూ ఉంటారు. నేను మనసులో మాట ఒకటి మొదలుపెట్టగానే, "ఉండవే, చంక దగ్గర తిప్పుతున్నా" అంటావు. నువ్వు తిప్పేసరికి నా మాట చల్లారిపోతుంది. ఉత్తరమైతే కళ్ళజోడు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, మొదటినుంచి చివరిదాకా చదువుతావు. ఒకటే షరతు. దీన్ని దాని ముందు పైకి చదవకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. తింటున్నాను, వేళకే తింటున్నాను. తల దువ్వుకుంటున్నాను. ఇక్కడ చలి ఎలాంటిదంటే, ఆరేసిన తువ్వాలు అట్టముక్కలా బిగుసుకుపోతుంది, మడత పెట్టబోతే చప్పుడు చేస్తుంది. ఇంటావిడ మంచిదేనా అని అడిగావు. మంచిదే. ఒకప్పుడు బస్సు నడిపేదట. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు ఎవరైనా అడ్డొస్తే హారన్ కొట్టినట్టు గొంతు సవరిస్తుంది. కింద ఆవిడ, పైన గదిలో నేను. వచ్చిన కొత్తలో ఒకసారి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, అలవాటు కొద్దీ గిన్నె మీద మూత తీసి ఏం వండిందో చూశాను. దొంగని పట్టుకున్నట్టు చూసింది. ఇక్కడ అలా చూడకూడదట. ఇప్పుడు మాత్రం తనే మూత తీసి నాకు చూపిస్తోంది. నా బూట్లు నీళ్ళు పీల్చేస్తున్నాయని, తన కూతురు వదిలి వెళ్ళిన రబ్బరు బూట్లు కూడా ఇచ్చింది. ఆ బూట్ల సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకో.

తోటివాళ్ళు కలుపుకుంటున్నారా అని అడిగావు. చెబితే నవ్వుతావు. ఇక్కడి పిల్లలు ఒక సంగతి ఇంక చాలు అనుకున్నప్పుడు, వాళ్ళ భాషలో "తలుపు" అంటారు. అంటే దాని గురించి ఇక ఎవరూ మాట్లాడకూడదని. పుస్తకాల్లో నేర్చుకున్న భాషతో వచ్చినదాన్ని, నాకేం తెలుసు. క్లాసులో ఏదో వాదన నడుస్తుంటే ఒకడు విసుగ్గా "తలుపు" అన్నాడు. నేను తలుపుకి దగ్గరగా ఉన్నాను కదా అని లేచి వెళ్ళాను. అది వేసే ఉంది. సరిగ్గా పడలేదు కాబోలనుకుని తీసి, మళ్ళీ గట్టిగా వేసి వచ్చి కూర్చున్నాను. అప్పటినుంచి నా పేరు తలుపు. ఇంకోసారి మాస్టారు నా పని చూసి, "పారెయ్యక్కర్లేదు" అన్నారు. అంతకంటే అవమానం ఉంటుందా అని బాత్రూములో కూర్చుని ఏడ్చాను. ఇక్కడ దానికి మించిన మెప్పు లేదని తరవాత తెలిసింది. అప్పటికే కళ్ళు వాచిపోయాయి.

ఇన్నాళ్ళయినా నా బతుకు ఇలా ఉందా, అక్కడ అది మన ఇంటికొచ్చి నాలుగు వానలు పడకముందే కూరలబండి అతనితో బేరమాడి, "ఏడిశావులే, అదేం రేటు" అందని మురిసిపోతూ రాశావు. వీధంతా పడీ పడీ నవ్వారట. బండి అతను కొసరు కూడా వేశాడట. నేను ఇక్కడ నోరు తెరిస్తే కూడా నవ్వుతారు. కానీ దాని నవ్వులకి కొసరు పడుతుంది, నావాటికి పేరు పడుతుంది. రాగం కూడా తప్పకుండా అంటోందని రాశావు చూడు, అక్కడ ఉత్తరం పక్కన పడేసి లేచాను. మళ్ళీ వచ్చి చదివాను. చదవకుండా ఉండలేనని నీకు తెలుసు.

నీ ముందు దాపరికం ఎందుకు, నాకు కుళ్ళుగా ఉంది. కడుపు మండిపోతోంది. మన ఊరి కాలేజీలో బట్టల రంగుల గురించి చదువుకోవడానికి వచ్చింది, చదువుకోనీ. నా గదిలో ఉంది, అద్దె ఇస్తోంది, ఉండనీ. నిన్ను అమ్మా అనడమెందుకు? పోనీ, అంటే అంది. సాయంత్రం కొట్టు కట్టేశాక అయస్కాంతం పట్టుకుని నేల మీద గుండుసూదులు ఏరడం నా పని కదా. అది కూడా దానికి అప్పగించావు. చిన్నప్పుడు నేను ఒక్క సూది వదిలేస్తే, కాలికి గుచ్చుకుంటే ఎవరిది బాధ్యత అని గంటసేపు తిట్టేదానివి. అది వదిలేస్తే మాత్రం, పాపం కొత్త కదా అని నువ్వే వంగి తీస్తున్నావట. నాన్న దగ్గర కూర్చుని కాజాలు కుట్టడం కూడా నేర్చుకుంటోందట. నేను అడిగినప్పుడల్లా, "నీకెందుకే ఈ పని, పోయి చదువుకో" అని చేతిలో సూది లాక్కున్నది నువ్వే. చదువుకున్నాను. చదువుకుని ఇంత దూరం వచ్చాను. ఇప్పుడు నా ముక్కాలిపీట మీద అది కూర్చుని, నువ్వు నాకు నేర్పనివన్నీ నేర్చుకుంటోంది. నాన్న కుట్టిన కాజా పక్కన దాని కాజా పెడితే తేడా తెలియడం లేదన్నావు. నాకు తెలుస్తుంది. ఎప్పటికైనా చూపించు, చెబుతాను.

ఇక కోటు సంగతి. సరిపోయిందా, వెచ్చగా ఉందా, ఫోటోలో బాగుంది కానీ ఫోన్లో ఎందుకంత ముభావంగా ఉన్నావు, ఆ పిల్ల పలకరిస్తే సిగ్నల్ లేదని ఎందుకు పెట్టేశావు అని వరసపెట్టి అడిగావు. సిగ్నల్ నిక్షేపంగా ఉంది.

పార్సిల్ వచ్చిన రోజు నా ఆనందం నువ్వు చూడలేదు. ఇంటావిడ కూడా పైకి వచ్చింది. జాకెట్లు, గౌన్లు తప్ప ఎరగని నువ్వు నా కోసం జీవితంలో మొదటిసారి కోటు కుట్టావని చెబితే, లైనింగు తడిమి చూసి కళ్ళెగరేసింది. మెడ దగ్గర మాత్రం నీ చెయ్యి తెలిసిపోతోంది, ఎంత నున్నగా తిప్పావో. తొడుక్కున్నాను. భుజాల దగ్గర పట్టేసింది. చేతులు ముందుకి చాపితే వీపు మీద గుడ్డ పుటుక్కుమంటుందేమోనని భయం వేసింది. గుండీలు పెట్టుకుంటే ఊపిరాడలేదు. కొత్త గుడ్డ కదా, వేసుకుంటే సాగుతుందని సర్దిచెప్పుకున్నాను. నీకు పంపిన ఆ ఫోటోలో ముందు గుండీలు పెట్టినట్టే కనిపిస్తాయి. నిజానికి గుండీలు పెట్టలేదు. లోపల దారంతో రెండువైపులా కట్టుకుని, చేతులు కిందికి దించుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అందుకే నవ్వలేదు.

ఆ మర్నాడు ఫోన్ చేస్తే అది ఎత్తింది. "కోటు అదిరిందా అక్కా? ట్రయల్‌కి నిలబడింది నేనే కదా" అంది. వెనకాల నుంచి నీ గొంతు వినిపించింది. "దాని ఒడ్డూ పొడుగూ అచ్చం నీదేనే. కచ్చా కుట్టు వేసి నిలబెడితే, నువ్వే నా ఎదురుగా నిలబడ్డట్టు ఉంది."

నేనే నిలబడ్డట్టు ఉందా అమ్మా? ఒక్క క్షణం కూడా నేను కాదని అనిపించలేదా? అప్పుడు ఫోన్ పెట్టేశాను.

ఆ తరవాత కోటు ఒంటి మీద ఎక్కడ పట్టేసినా అక్కడ అది నన్ను నెట్టేస్తున్నట్టే అనిపించేది. చంక కింద దాని చంక. నడుము దగ్గర దాని నడుము. నీ చేతులు సుద్దతో గీసిందీ, గుండుసూదులు పెట్టిందీ, "కదలకే" అని కసిరిందీ దాన్ని. నా పేరు మీద కుట్టిన బట్ట, దాని ఒంటికి కుట్టిన బట్ట. చలికి వణుకుతూ కూడా కోటు వేసుకోకుండా వెళ్ళాను, చొక్కా మీద చొక్కా వేసుకుని. తలుపుకి మతి కూడా పోయిందని తోటివాళ్ళు అనుకుని ఉంటారు.

ఇక్కడిదాకా రాసి, టీ పెట్టుకుని వచ్చాను. ఇప్పుడు చెప్పాల్సింది చెప్పేస్తాను. నువ్వు కూర్చునే చదువుతున్నావు కదా.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ కోటుకి కత్తెర పెట్టాను.

బాగుచెయ్యడానికి కాదు. ఆ మాట అబద్ధమాడను. ముక్కలు చేద్దామనే తీశాను. నువ్వు పార్సిల్లో పంపిన ఉత్తరం మళ్ళీ చదివాను, అందులో "నీ అలమరలో కింది అర దానికివ్వనా, దాని చీరలకి చోటు లేదు" అన్న వాక్యం దగ్గర ఒళ్ళు మండింది. చీరలు కూడా కడుతోందన్నమాట అనుకున్నాను. కోటు మంచం మీద పరిచి, ఇంటావిడ దగ్గర పెద్ద కత్తెర అడిగి తెచ్చాను. గుడ్డ మధ్యలో పెట్టి కోసేద్దామంటే చెయ్యి రాలేదు. ఎంతైనా కుట్టుపని ఇంట్లో పెరిగినదాన్ని, నిండు గుడ్డని అడ్డంగా కొయ్యలేకపోయాను. ముందు లైనింగు విప్పుదాం, తరవాత చూద్దామని పక్క కుట్టు పట్టుకుని పిట్టముక్కులా టుక్కు టుక్కుమని ఒక్కో కుట్టూ తెంపాను. లోపలికి చూశాను.

అమ్మా, నువ్వు ఎవరికైనా లోపల ఒక వేలెడు వెడల్పు గుడ్డ వదులుతావు. అంతకు మించి అడిగితే, "ఏమ్మా, నువ్వు లావవుతావని నేనెందుకు గుడ్డ తగలెయ్యాలి" అని కసురుతావు. ఆ కోటు పక్క కుట్టులో నా నాలుగు వేళ్ళు పట్టేంత గుడ్డ మడిచి ఉంది. అనుమానం వచ్చి రెండోవైపు విప్పాను. అటూ అంతే. చేతులు విప్పాను. భుజం దగ్గర ఎవరూ గుడ్డ వదలరని నువ్వే చెప్పేదానివి, ఉబ్బుగా కనబడి కుదురు పోతుందని. అక్కడ అన్నిటికంటే ఎక్కువ వదిలావు. పైకి తెలియకుండా మడత మీద మడత పెట్టి, ఇస్త్రీ చేసి, కచ్చా కుట్టుతో అణిచిపెట్టావు. ఆ కుట్టు కూడా లాగితే ఊడొచ్చేలా, వదులుగా, పసుపు దారంతో వేశావు. విప్పాల్సిన కుట్టు ఏదో తెలియాలని నువ్వు పసుపు దారం వాడతావు. ఆ సంగతి మన కొట్టులో పెరిగినవాళ్ళకే తెలుసు.

మంచం మీద కత్తెర పక్కన కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. దాన్ని నిలబెట్టుకుని కొలిచావు కానీ, కుట్టేటప్పుడు నీ ఎదురుగా ఉన్నది అది కాదు.

భుజాల సంగతి నీకెలా తెలిసింది? ఉతుకు దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుని చీటీలు ఇస్తానని రాశాను కదా. కౌంటరు దగ్గర కూర్చునేది యజమాని తమ్ముడు. నేను వెనకాల మిషన్లలోంచి తడి దుప్పట్లు తీసి, ఆరేసే యంత్రంలోకి మోసుకెళ్ళి వేస్తాను. తడి దుప్పటి ఎంత బరువుంటుందో నీకు చెప్పక్కర్లేదు. మొదట్లో చేతులు లేచేవి కావు, ఇప్పుడు అలవాటైంది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు. నువ్వు బాధపడతావని చెప్పలేదు. ఎప్పుడైనా వీడియో పెట్టినా నీకు కనిపించేది నా మొహం, మహా అయితే భుజాలు. మిషను మీంచి తల ఎత్తకుండా మాట్లాడతావు కదా, ఎప్పుడు చూశావు?

సరే, మిగిలింది విను. నేను మొహం కడుక్కుని కిందికి దిగేసరికి ఇంటావిడ కూతురు వచ్చి ఉంది. వేరే ఊళ్ళో ఉద్యోగం, ఎప్పుడో గానీ రాదు. నేను భోజనాల బల్ల దగ్గర నా కుర్చీలో కూర్చోబోతే, ఆ అమ్మాయి అక్కడే నిలబడి చూసింది. అది తన కుర్చీ అని అప్పుడు అర్థమైంది. ఇంటావిడ నాకు ముందు వడ్డించి, నా తలుపు కథ కూతురికి చెప్పి పగలబడి నవ్వింది. కూతురు నవ్వలేదు. భోజనమయ్యాక గిన్నెలు కడుగుతుంటే నా పక్కకి వచ్చింది. గుమ్మం దగ్గరున్న రబ్బరు బూట్ల వంక చూపించి, మెల్లగా చెప్పింది.

"ఆ బూట్లు నావి."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. తీసుకెళ్ళమని, ఇప్పుడే తుడిచి ఇస్తానని అన్నాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"వద్దులే. నాకిప్పుడు పట్టవు. నావని నీకు తెలియాలని చెప్పాను, అంతే."

నాకు కోపం రాలేదమ్మా. నవ్వొచ్చింది. ఇంత దూరంలో, ఇంకో భాషలో, నా మాటే ఎవరో నాకు అప్పజెప్పినట్టుంది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో చుక్కల పిల్లని నేనేనని నాకు తోచనేలేదు.

తనని పైకి రమ్మన్నాను. కోటు చూపించాను. ఒక సాయం చెయ్యమని దారపుండ తీసి ఇచ్చాను. కొట్టుదాకా రాలేని ఆడవాళ్ళు ఇంట్లో టేపు లేక దారానికి ముడులు వేసి నీకు కొలతలు పంపేవారే, అలా కొలుచుకుందామనుకున్నాను. కానీ వీపు కొలత ఎవరికి వాళ్ళు తీసుకోలేరు కదా, దారం రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. ఇంత టెక్నాలజీ పెట్టుకుని దారమేమిటని అడిగింది. అంకెలు ఫోన్లో చెబితే మా కొట్టులో అందరూ వింటారని చెప్పాను. నిజానికి అదొక్కటే కాదు. ఈ దారం నా ఒంటి మీదుగా వెళ్ళి నీ వేళ్ళ మధ్యకి రావాలని ఉంది. ఆ అమ్మాయి నా వెనక నిలబడి, ఒక భుజం మీంచి ఇంకో భుజం దాకా దారం లాగి, ముడి వేసి, చాలా జాగ్రత్తగా కొలిచింది. కొలుస్తూ మీ అమ్మ దగ్గర ఎవరుంటున్నారని అడిగింది. చెప్పాను. మొత్తం చెప్పాను, కాజాలూ, సూదులూ, చీరలూ అన్నీ.

"ఆ పిల్ల మంచిదేనా?" అంది.

"మంచిదే. అదే నా ఏడుపు" అన్నాను.

అప్పుడు నవ్వింది, అచ్చం వాళ్ళమ్మలాగే పగలబడి. కింద నుంచి ఇంటావిడ, ఏమిటా నవ్వులని అరిచింది. మేమిద్దరం ఒకేసారి "తలుపు" అన్నాం. మొదటిసారి ఆ మాట సరైన చోట వాడాననుకుంటా.

పసుపు దారాలన్నీ లాగేసి, మడతలు విప్పి, నేనే మళ్ళీ కుట్టుకున్నాను. ఇంటావిడ సూది ఇచ్చింది. నువ్వు చూస్తే తల పట్టుకుంటావు, కుట్లు కప్పగంతులు వేశాయి. నాకు నేర్పలేదుగా, అనుభవించు. కానీ ఇప్పుడు కోటు నాకు పట్టింది. గుండీలన్నీ పెట్టుకుని, చేతులు రెండూ పైకెత్తి దిగిన ఫోటో ఇందులో పెడుతున్నాను. దానితోపాటు ముడుల దారం కూడా. ఒక్కముడి వేసింది భుజాలు, జంటముడి ఛాతీ, మూడు ముడులు నడుము, చివర ముడి లేని కొస చెయ్యి పొడుగు. ఇక ముందు నా బట్టలేవైనా ఈ దారం చూసే కుట్టు.

అలమర సంగతి. కింది అర ఇవ్వు, చీరలు నలిగిపోతాయి పాపం. పై అరకి మాత్రం తాళం తియ్యకు.

ఇంకొకటి. చదువయ్యాక అది తిరిగి వెళ్ళేది కూడా ఇలాంటి చలిదేశానికే కదా. దానికీ ఒక కోటు కుట్టు. నేను చెప్పానని చెప్పు, అక్క అందని చెప్పు. అదే రంగు వద్దు. మెడ ఎంత నున్నగా తిప్పుతావో తిప్పు, నాన్న చేత కాజాలు కుట్టించు, ఎదురుగా నిలబెట్టుకుని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ట్రయల్ వెయ్యి. దాని ఒంటికి అతికినట్టు కుట్టి పంపు.

లోపల గుడ్డ మాత్రం వదలకు. అది నా ఒక్కదానికే.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన కుళ్ళుబోతు కూతురు